బ్రీదర్ పైపు స్థానంలో పీసీవీ వాల్వు: నా అనుభవం

పాత కారు ఉన్నవాళ్లకు నేల మీద ఆయిలు మరక కొత్త కాదు. ఆపిన చోటల్లా నా కారు ఒక గుర్తు వదిలి వెళ్లేది, దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఓర్చుకోలేకపోయింది వాసనను. రద్దీలో బండి ఆగితే చాలు, కాలిన ఆయిలు, పచ్చి పెట్రోలు కలిసిన ఘాటు కాళ్ల దగ్గర నుంచి పైకి లేచేది. పక్కన కూర్చున్నవాళ్లు మర్యాదకు ఏమీ అనకుండా కిటికీ అద్దం దించేవారు. బండి వేగం అందుకోగానే ఆ వాసన మాయం. ఆగితే వస్తోంది, పరుగెత్తితే పోతోంది అంటే తప్పు లీకుది కాదు, ఇంజను ఊపిరి వదిలే పద్ధతిది.

నా బండిలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ 1489 సీసీ ఇంజను. ఎంజీఏ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్, అంబాసిడర్ లాంటి కార్లలో చిన్న చిన్న మార్పులతో వాడింది ఇదే. దీని ట్యాపెట్లు (వాల్వులను ఎత్తే ముక్కలు) ఇంజను పక్కన రెండు రేకు కవర్ల వెనక ఉంటాయి. ముందు కవరు నుంచి ఒక గొట్టం కిందికి దిగి రోడ్డు వైపు తెరుచుకుంటుంది. మెకానిక్కులు బ్రీదర్ పైపు అనేది దీన్నే. దాని చివరను ఏటవాలుగా కోసి ఉంచుతారు. కారు ముందుకు పోతుంటే ఆ మూతి దగ్గర గాలి ఒత్తిడి తగ్గి, లోపలి వాయువును బయటికి లాగుతుంది.

లోపల వాయువు ఎక్కడిదంటే, పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా మండిన వాయువులో కొంత వాటి పక్క నుంచి కిందికి జారుతుంది. అందులో మండని పెట్రోలు, నీటి ఆవిరి, ఆమ్లాలు ఉంటాయి. అది బయటికి పోకపోతే నీరు ఆయిలుతో కలిసి ఆయిలు పోసే మూత కింద తెల్లటి ముద్దలా పేరుకుంటుంది, ఆయిలు చిక్కబడి బురదవుతుంది, పెరిగిన ఒత్తిడి దొరికిన ప్రతి సందు నుంచీ ఆయిలును బయటికి తోస్తుంది. బ్రీదర్ పైపు సరిగా పనిచేయాలంటే గంటకు నలభై కిలోమీటర్ల వేగమైనా ఉండాలి. నగరం రద్దీలో ఆ వేగం దొరికేది తక్కువ. దొరకనప్పుడు ఆ వాయువు బానెట్ కింద తిరిగి తిరిగి మన ముక్కుకే చేరుతుంది.

ఈ ఇంజనుకు ఇంకో బలహీనత ఉంది. క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వెనక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మర లాంటి గాడి కోసి ఉంటుంది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిలును లోపలికి తిప్పి కొడుతుంది. గాడికీ చుట్టూ ఉన్న లోహానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, రెండూ తాకవు. క్రాంక్ కేసులో (ఆ షాఫ్టు తిరిగే అడుగు గదిలో) ఒత్తిడి ఉందా, ఆ సందు నుంచి ఆయిలు రాకుండా ఆ గాడి ఆపలేదు. కొద్దిపాటి వాక్యూమ్ (బయటికంటే తక్కువ ఒత్తిడి) ఉంటే మాత్రం బయటి గాలే ఆయిలును లోపల నిలుపుతుంది. ఆ వాక్యూమ్‌ను ఇచ్చేదే పీసీవీ, అంటే పాజిటివ్ క్రాంక్ కేస్ వెంటిలేషన్. గాలి-పెట్రోలు మిశ్రమాన్ని ఇంజను పీల్చుకునే గొట్టమైన మానిఫోల్డ్‌కు క్రాంక్ కేసును కలిపి, ఆ పాడు వాయువును మళ్లీ సిలిండర్లలోనే మండించే ఏర్పాటు అది.

నిజానికి ఇది ఇంజను మేలు కోరి విస్తరించిన పద్ధతి కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీపుల్లో ఇలాంటి వాల్వు అప్పటికే ఉంది. నీళ్లలోంచి దాటాల్సిన బండికి కింద తెరిచి ఉన్న గొట్టం పనికిరాదు కదా. మామూలు కార్లకు అది చేరింది లాస్ ఏంజెలస్ పొగ వల్ల. ఎండ తగిలిన హైడ్రోకార్బన్లు (మండని పెట్రోలు ఆవిరి లాంటివి), నైట్రోజన్ ఆక్సైడ్లే ఆ పొగకు మూలమని 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదో వంతు ఈ బ్రీదర్ పైపు నుంచే వస్తున్నట్టు తేలింది. కాలిఫోర్నియా 1961లో పీసీవీని తప్పనిసరి చేసింది. బీఎంసీ 1964లో ఎంజీబీ (ఎంజీఏ తర్వాత వచ్చిన కారు) ఇంజనుకు బ్రీదర్ పైపు తీసేసి వాల్వు పెట్టింది. నా ఇంజనూ ఆ కుటుంబానిదే కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకుండా ఆ దారినే పట్టుకున్నాను.

వాల్వు కొనే ముందు మా మెకానిక్‌ను సంప్రదించాను. ఆయన అన్నది ఒకటే: “ముందు రింగులు బాగున్నాయో లేదో చూసుకోండి సార్. అరిగిన ఇంజనుకు ఇది పెడితే పైపులో పోయే ఆయిలు సైలెన్సర్లో పోతుంది, అంతే తేడా.” నూటికి నూరుపాళ్లు సరైన మాట. కంప్రెషన్, అంటే సిలిండర్లలో పిస్టన్లు పుట్టించే ఒత్తిడి, చూశాం. నాలుగు సిలిండర్లూ 130 పీఎస్‌ఐ అటూ ఇటూగా ఉన్నాయి, మధ్య తేడా పదికి లోపే. ఆ తర్వాత ఆయిలు పోసే మూత తీసి చూశాం. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఆవిరి సన్నగా వచ్చింది తప్ప గుప్పుమని కొట్టలేదు. రింగులు అరిగి పొగ తన్నుతున్న ఇంజను అయితే ఈ పని మొదలుపెట్టకూడదు. ఏ వాల్వూ అంత వాయువును మింగలేదు.

వాల్వుల్లో రెండు రకాలు నా ముందు ఉన్నాయి. ఎక్కువ కార్లలో కనిపించేది లోపల స్ప్రింగు, చిన్న ముక్క కదిలే రకం, ఊపితే గలగలమంటుంది. అది మానిఫోల్డ్ వాక్యూమ్‌ను బట్టే నడుస్తుంది. క్రాంక్ కేసులో ఏం జరుగుతోందో దానికి పట్టదు. రెండోది ఎంజీబీకి పెట్టిన స్మిత్స్ వాల్వు. గుండ్రటి డబ్బాలో రబ్బరు డయాఫ్రమ్ (పలచటి పొర), కింద స్ప్రింగు, మధ్యలో మూసి తెరిచే సూది. క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగితే డయాఫ్రమ్ లేచి దారి తెరుస్తుంది. వాక్యూమ్ మరీ ఎక్కువైతే బయటి గాలి దాన్ని కిందికి నొక్కి దారి మూస్తుంది. వెనక సీలు లేని ఇంజనుకు ఇదే నయమని నా లెక్క. మితిమీరిన వాక్యూమ్ ఆ సందు నుంచే దుమ్మును లోపలికి లాగుతుంది. ఆయిలు కారడం పోయి బేరింగులు అరగడం మొదలైతే ఎవరికి లాభం?

బీఎంసీ 1960ల చివర్లో ఈ వాల్వును కూడా వదిలేసి, ఎస్‌యూ రకం కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే పరికరం) గుండె భాగానికే నేరుగా గొట్టం కలిపింది. కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌కూ, గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్‌కూ మధ్య ఉండే ఆ గదిలో లాగుడు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అరిగేది లేదు, చిరిగేది లేదు. అన్నిటికంటే తెలివైన ఏర్పాటు అదే. కానీ నా పాత కార్బ్యురేటర్‌కు ఆ రంధ్రం లేదు, దాని ఒంటికి డ్రిల్ తగిలించడం నాకు ఇష్టం లేదు. అసలు భాగాలేవీ కోయకుండా, రేపు వద్దనుకుంటే పాత రూపానికి తిరిగి రాగలిగేలా ఉండాలన్నది మొదటి నుంచీ నా షరతు.

మానిఫోల్డ్‌కు ఎక్కడ కలపాలన్నది అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. బీ-సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు గాలి లోపలికి పోయే దారులు రెండే. ఒకటీ రెండూ ఒక దారిని, మూడూ నాలుగూ ఇంకో దారిని పంచుకుంటాయి. మానిఫోల్డ్‌లో ఒక కొమ్మకు రంధ్రం పెడితే, పీసీవీ నుంచి వచ్చే అదనపు గాలంతా ఆ రెండు సిలిండర్లకే పోయి అక్కడ మిక్చర్‌లో పెట్రోలు పాలు తగ్గి అది పలచబడుతుంది. కాబట్టి గాలి రెండు కొమ్మలూ విడిపోక ముందే కలవాలి. అంటే కార్బ్యురేటర్ వెనకే.

దానికోసం 12 మి.మీ. మందం అల్యూమినియం పలకను కార్బ్యురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య సరిపోయేలా కోయించాను. మధ్యలో కార్బ్యురేటర్ గొంతు కొలతకు సమానమైన రంధ్రం. పక్క నుంచి 8 మి.మీ. రంధ్రం వేసి, మర కోసి, ఇత్తడి నాళాన్ని బిగించాను. నాళం చివర లోపలి గోడ దాటి ఒక్క రవ్వ కూడా పొడుచుకు రాకూడదు, గాలి ప్రవాహానికి అడ్డవుతుంది. కోసిన పలక చూపుకు చదునుగానే ఉంటుంది గానీ నమ్మకూడదు. దళసరి గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి, కిరోసిన్ చల్లి, పలకను ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ పోయాను. మొదట నాలుగు మూలలే మెరిశాయి, మధ్య భాగం మసకగా ఉంది. మసక మొత్తం పోయేదాకా వదల్లేదు. ఇక్కడ వెంట్రుకంత గాలి దూరినా ఐడ్లింగ్ (పెడల్ నొక్కకుండా ఇంజను నెమ్మదిగా తిరగడం) కుదరదు. పాత స్టడ్లు పొట్టివైపోయాయి కాబట్టి పొడుగువి వేశాను. కార్బ్యురేటర్ పలక మందమంత బయటికి జరిగింది కాబట్టి యాక్సిలరేటర్ కడ్డీని, చోక్ కేబుల్‌ను మళ్లీ సరిచేశాను. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా, పూర్తిగా మూసుకుంటోందా అని ఇంకొకరిని పెడల్ నొక్కమని కళ్లతో చూసుకున్నాను.

ట్యాపెట్ కవరు పని సులువుగానే అయింది. ఎంజీబీ ముందు కవరుకు ఒక డబ్బా అతికించి ఉంటుంది. లోపల తీగ జాలీ ఉండి, ఆవిరితో పాటు వచ్చే ఆయిలు తుంపరలను పట్టుకుని కిందికి జారవిడుస్తుంది. ఈ డబ్బా లేకుండా కవరుకు నేరుగా గొట్టం పెడితే ట్యాపెట్లు చిమ్మే ఆయిలును ఇంజను తాగేస్తుంది. నాకు దొరికిన పాత కవరు లోపల తారు గడ్డకట్టి ఉంది. కిరోసిన్‌లో నానబెట్టి ఊపుతూ, నల్లటి నీళ్లు రావడం ఆగేదాకా కడిగాను. కవరు నా ఇంజనుకు చక్కగా కూర్చుంది. దీన్ని పట్టి ఉంచేది మధ్యలో ఒకే ఒక బోల్టు. గట్టిగా బిగిస్తే రేకు వంగి అంచులు లేస్తాయి, అక్కడి నుంచి కొత్త లీకు. కార్క్ ప్యాకింగు కొద్దిగా నొక్కుకునేంత వరకే తిప్పి ఆపాలి.

గొట్టాల సంగతి రెండు మాటల్లో. హీటర్ గొట్టం వాడకూడదు, ఆయిలు ఆవిరికి ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిలునూ పెట్రోలునూ తట్టుకునేది, లాగుడుకు నొక్కుకుపోనిది కావాలి. డబ్బా నుంచి వాల్వు దాకా గొట్టం ఎక్కడా దిగకుండా పైకే పోవాలి. మధ్యలో ఊయలలా వేలాడితే చల్లబడిన నీళ్లు, ఆయిలు అక్కడే నిలిచి దారి మూసేస్తాయి. వాల్వును మానిఫోల్డ్ పైన చిన్న బ్రాకెట్టుకు బిగించాను.

ఇంతవరకూ చాలామంది చేసేదే. ఇక్కడే ఆపేస్తారు కూడా. లాగే దారి పెట్టాక లోపలికి వచ్చే దారి సంగతి ఎవరూ చూడరు. నా అభిప్రాయంలో అసలు పని అక్కడే ఉంది. ఈ ఇంజనులో రాకర్ కవరు (ఇంజను పై మూత) నుంచి ఎయిర్ ఫిల్టరుకు మొదటి నుంచీ ఒక లావు గొట్టం ఉంది. పాత పద్ధతిలో అది లావుగా ఉండటమే మంచిది. డయాఫ్రమ్ వాల్వుతో ఆ గొట్టాన్ని అలాగే వదిలేస్తే, క్రాంక్ కేసులో వాక్యూమ్ అనేదే ఏర్పడదు. వాక్యూమ్ లేనంతసేపు వాల్వు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. ఫిల్టరు నుంచి వచ్చే గాలి రాకర్ కవరులో దూరి, ఇంజను లోపలంతా తిరిగి, కార్బ్యురేటర్‌ను తప్పించుకుని మానిఫోల్డ్‌లో పడుతుంది. ఐడ్లింగ్ పెరుగుతుంది, మిక్చర్ పలచబడుతుంది, ఎంత సరిచేసినా నిలకడ ఉండదు. కాబట్టి ఆ దారిని సన్నం చేయాలి. మరీ సన్నమైతే తాజా గాలి చాలక లోపలి తేమ బయటికి పోదు.

ఎంత సన్నం అన్నది ఊహించే బదులు కొలిచాను. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో చెక్క పలకకు కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోసి, పక్కన స్కేలు అతికించాను. ఒక కొసను రబ్బరు బిరడా ద్వారా డిప్ స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) రంధ్రానికి కలిపాను. రెండో కొస గాలికి తెరిచే ఉంటుంది. మధ్యలో ఒక ఖాళీ సీసా తగిలించడం మరవకూడదు. వాక్యూమ్ ఒక్కసారి ఎగదన్నితే ఆ నీళ్లు ఇంజనులోకి పోకుండా సీసాలో పడతాయి.

పనికి ముందే, బ్రీదర్ పైపుతో ఒక కొలత తీసి పెట్టుకున్నాను. ఐడ్లింగ్‌లో నీళ్లు ఒత్తిడి వైపు సుమారు 10 మి.మీ. తేడా చూపాయి. వాసనకు కారణం అక్కడ కనిపించింది. వాల్వు పెట్టి, రాకర్ కవరు గొట్టం లావుగా వదిలినప్పుడు నీళ్లు సమానంగా నిలిచాయి, ఇంజను మాత్రం పరుగెత్తింది. తర్వాత ఇత్తడి బిళ్లలకు వేర్వేరు రంధ్రాలు వేసి ఆ గొట్టంలో ఒక్కొక్కటే దూర్చి చూశాను. 6 మి.మీ. రంధ్రానికి నీళ్లు వాక్యూమ్ వైపు కొద్దిగా కదిలాయి. 4 మి.మీ.కి 50 మి.మీ. దగ్గర స్థిరపడ్డాయి, ఐడ్లింగ్ కూడా దారికి వచ్చింది. 3 మి.మీ.కి కొలత పెద్దగా మారలేదు, ఎందుకంటే అప్పటికే డయాఫ్రమ్ కిందికి దిగి దారి మూస్తోంది. తాజా గాలి మాత్రం తగ్గింది. నాలుగు దగ్గర ఆగిపోయాను. ఈ అంకె నా ఇంజనుది. రింగుల పరిస్థితి వేరైతే అంకె కూడా వేరవుతుంది.

వాక్యూమ్ నిలవాలంటే మిగతా సందులన్నీ మూసుకోవాలి. డిప్ స్టిక్ మెడ దగ్గర సీలు, ఆయిలు మూత రబ్బరు, రాకర్ కవరు ప్యాకింగు అన్నీ కొత్తవి వేశాను. ఇంతకుముందు వీటి నుంచి ఆయిలు బయటికి వచ్చేది. ఇప్పుడు తెరిచి ఉంటే ఫిల్టరు లేని గాలి లోపలికి వస్తుంది. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది కంటికి కనిపించదు.

తర్వాత కార్బ్యురేటర్. ఇంజను బాగా వేడెక్కాక, పెట్రోలు వదిలే జెట్ కింది నట్టును కిందికి, అంటే పెట్రోలు ఎక్కువయ్యే వైపు, ఒక ముఖం తిప్పితే సరిపోయింది. ఎస్‌యూకు పరీక్ష తేలిక. దాని పిస్టన్‌ను పిన్నుతో ఒక మిల్లీమీటరు లోపు ఎత్తితే వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, క్షణం పెరిగి మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. కొంత దూరం తిరిగొచ్చి ప్లగ్గులు తీశాను. నాలుగూ ఒకే గోధుమ రంగులో ఉన్నాయి. ఒకటీ రెండూ తెల్లబడి మూడూ నాలుగూ నల్లబడి ఉంటే పలక కోసం పడిన శ్రమంతా వృథా అయ్యేది. వాల్వు పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి బీఎంసీ మాన్యువల్‌లోనే ఉంది. ఐడ్లింగ్‌లో ఆయిలు మూత తీస్తే వేగం సుమారు 200 ఆర్‌పీఎం పెరగాలి. మార్పు చెవికే తెలుస్తుంది. నా ఇంజను తెలిసేలా పెరిగింది.

నీళ్ల గొట్టాన్ని డ్యాష్‌బోర్డుకు కట్టి, తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాను. వాడు అంకెలు చదువుతుంటే నేను నడిపాను. సమతలం మీద స్థిరమైన వేగంలో వాక్యూమ్ చక్కగా నిలిచింది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మానిఫోల్డ్ వాక్యూమ్ అమాంతం పెరిగినా, డయాఫ్రమ్ అడ్డుపడి నీళ్లు ఎగిరిపడలేదు. నాకు నచ్చనిది పొడవైన ఎత్తు ఎక్కేటప్పుడు కనిపించింది. పెడల్ పూర్తిగా నొక్కితే మానిఫోల్డ్‌లో లాగుడు ఉండదు, అదే సమయంలో రింగుల పక్క నుంచి జారే వాయువు అత్యధికంగా ఉంటుంది. “సున్నా దాటింది అన్నయ్యా, ఒత్తిడి వైపు పోతోంది” అన్నాడు వాడు. నా ఇత్తడి బిళ్ల రంధ్రం గుండానే అది ఎదురు నడిచి ఫిల్టరులోకి పోవాలి, ఆ దారి ఇరుకు. ఇది ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం. కొండ దారుల్లోనే ఎక్కువగా తిరిగేవాళ్లయితే రంధ్రం కాస్త పెద్దది పెట్టుకుని, ఐడ్లింగ్‌లో వాక్యూమ్ తగ్గడానికి సిద్ధపడటం మేలు.

వాసన పోయింది. మొదటి రోజు నుంచే పోయింది. మూత కింద తెల్లటి ముద్ద మెల్లగా తగ్గింది. దగ్గరి దూరాలే తిరిగే వారాల్లో ఇంకా కాస్త కనిపిస్తుంది, ఇంజను వేడెక్కకుండా ఏ వాల్వూ నీటిని తరమలేదు. ఆయిలు నల్లబడటం ఆలస్యమైంది. ఆయిలు ఖర్చు పెరగలేదు, కానీ డిప్ స్టిక్ పై గీత దాటి పోయకుండా జాగ్రత్త పడుతున్నాను. వాల్వును విప్పి, క్లిప్పు తీసి, డయాఫ్రమ్ చిరగలేదని చూసి లోహ భాగాలను పెట్రోలుతో కడగడం ప్రతి 20,000 కి.మీ.కు ఒకసారి చేయాలి. డయాఫ్రమ్ చిరిగితే బయటి గాలి నేరుగా మానిఫోల్డ్‌లో పడి ఐడ్లింగ్ చెడిపోతుంది కాబట్టి అది దాగే జబ్బు కాదు.

కారు కింద మరక తగ్గింది, పూర్తిగా ఆగలేదు. ఇంజను తిరుగుతున్నంతసేపే వాక్యూమ్. ఆపాక వెనక గాడి దగ్గర మిగిలిన ఆయిలు ఎప్పటిలాగే కిందికి దిగి, గేర్‌బాక్సు గూడు అడుగున కాటర్ పిన్ను వేలాడే రంధ్రం నుంచి రెండు మూడు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కలనూ ఆపాలంటే గేర్‌బాక్సు దించి, వెనక రబ్బరు సీలు అమర్చే ఏర్పాటు చేయాలి. క్లచ్ ప్లేటు మార్చాల్సిన రోజు వచ్చేదాకా ఆ పని ముట్టుకోను.